సతీష్ ధవన్ ఆచార్యులుగా ఏమి చేశారు? ఇంటర్ విద్యార్థులకు చెప్పడానికి వివరాలు కావాలి

ప్రశ్న: రాజోలు_ఫిజిక్స్

అందరికీ నమస్కారం. నేను కోనసీమలో ఒక జూనియర్ కళాశాలలో ఫిజిక్స్ చెబుతున్నాను. సెప్టెంబరు 25 సతీష్ ధవన్ జయంతి. ఆ రోజు ఎంపీసీ విద్యార్థులందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఆయన గురించి గంటసేపు మాట్లాడమని మా ప్రిన్సిపాల్ గారు నాకు పురమాయించారు. తెలుగులో దొరికినంత మేరకు చదివాను. ఎక్కడ చూసినా రెండే సంగతులు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి. ఒకటి, శ్రీహరికోట ప్రయోగ కేంద్రానికి 2002లో ఆయన పేరు పెట్టడం. రెండవది, 1979 ఆగస్టులో ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయినప్పుడు విలేకరులకు తానే సమాధానం చెప్పి, మరుసటి ఏడాది ప్రయోగం ఫలించినప్పుడు అబ్దుల్ కలాం గారిని ముందుకు పంపడం. ఈ రెండూ చెప్పడానికి పది నిమిషాలు చాలు. మిగిలిన యాభై నిమిషాలు ఏమి చెప్పాలన్నదే నా చిక్కు.

ఆయన వృత్తిరీత్యా ఏరోనాటికల్ ఇంజినీరింగ్ ఆచార్యులు. 1951లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో చేరి, 1955లో ఆ శాఖకు అధిపతి అయి, 1962 నుంచి 1981 వరకు ఆ సంస్థకే డైరెక్టరుగా ఉన్నారు. అందులో 1972 తరువాతి కాలమంతా ఇస్రో ఛైర్మన్ పదవి కూడా ఆయన చేతిలోనే ఉంది. ఇంత పరిపాలనలో ఆయన అసలు విద్య ఏమైందో నాకు అంతుబట్టడం లేదు. పరిశోధకుడిగా ఆయన దేనిని కనుగొన్నారో, లేదా దేనిని కొలిచారో, న్యూటన్ సూత్రాలూ బెర్నౌలీ సూత్రమూ మాత్రమే తెలిసిన పిల్లలకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పగలరా? ఈ ప్రస్తావన వచ్చినప్పుడు ఒక విద్యార్థిని లేచి, "డైరెక్టర్ అయితే ఇక పాఠం చెప్పరు కదా మాస్టారూ, మరి ప్రొఫెసర్ అని ఎందుకంటారు?" అని అడిగింది. ఆ అమ్మాయికి కూడా సరైన సమాధానం ఇవ్వాలని ఉంది.

జవాబు: ధవళేశ్వరం_ద్రవగతి

మాస్టారూ, నేను ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ఫ్లూయిడ్ మెకానిక్స్ చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంతలో వివరంగా రాస్తాను, పిల్లలకు కావలసినంత మీరు తీసుకోండి.

గాలిలో పోయే విమానాన్ని వెనక్కి లాగే బలాల్లో ఒకటి దాని చర్మానికీ గాలికీ మధ్య కలిగే ఘర్షణ. దీనిని స్కిన్ ఫ్రిక్షన్ అంటారు. రెక్కను తాకి ఉన్న గాలి రెక్కకు అంటుకుపోయి కదలకుండా ఉంటుంది, కొంచెం పైకి పోతే కదులుతుంది, ఇంకొంచెం పైకి పోతే పూర్తి వేగం అందుకుంటుంది. ఈ మార్పంతా జరిగే పలుచని పొరకు బౌండరీ లేయర్ అని పేరు. ఈ భావనను జర్మనీలో ప్రాంట్ల్ 1904లో ప్రతిపాదించారు. మన పిల్లలకు దీన్ని బొమ్మ వేసి చూపనక్కర లేదు. లాకుల దగ్గర వంతెన మీద నిలబడి కాలువను చూస్తే, గట్టు పక్కన గుర్రపుడెక్క నత్తలా కదులుతుంటే నడిమధ్యన అదే గుర్రపుడెక్క పరుగు తీస్తూ ఉంటుంది. గట్టు వెంబడి వేగం తగ్గిపోయిన ఆ నీరంతా బౌండరీ లేయరే.

ఇక్కడ చిక్కు ఏమిటంటే, ఆ ఘర్షణ ఎంత అన్నది 1940ల చివరి వరకు చాలా సందర్భాల్లో నేరుగా కొలిచేవారు కాదు. పొరలో ఒక్కొక్క ఎత్తులో గాలి వేగమెంతో కొలిచి, ఆ వేగాల నుంచి లెక్క కట్టి ఘర్షణను రాబట్టేవారు. తక్కువ వేగాల్లో ఇది ఫరవాలేదు. ధ్వని వేగానికి దగ్గరగానూ దానిని దాటిన తరువాతా గాలి సాంద్రతా ఉష్ణోగ్రతా కూడా మారిపోతాయి కనుక లెక్కలో ఊహలు పెరుగుతాయి. సిద్ధాంతాలు చాలా ఉన్నాయి, వాటి అంచనాలు ఒకదానితో ఒకటి కలిసేవి కావు. ఏది సరైనదో తేల్చడానికి కొలత కావాలి.

అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థ కాల్టెక్‌లో హాన్స్ లీప్‌మన్ దగ్గర ధవన్ చేసిన డాక్టరేట్ పని ఇదే. ఆయన పలక మీది ఘర్షణను కొలవడానికి పలకనే ఉపయోగించారు. గాలిని వేగంగా పంపి పరీక్షించే విండ్ టన్నెల్ లోపల ఉంచిన నున్నటి పలకలో చిన్న ముక్కను మిగతా పలక నుంచి వేరు చేసి, చుట్టూ సన్నని సందు వదిలి, వంగే గుణమున్న పలుచని ఆధారాల మీద నిలబెట్టారు. గాలి పైనుంచి పోతున్నప్పుడు ఆ ముక్కను తనతో పాటు లాగుతుంది, ముక్క కంటికి కనిపించనంత కొద్దిగా జరుగుతుంది, ఆ జరుగుడును విద్యుత్ పరికరంతో పట్టుకుంటే లాగిన బలం తెలుస్తుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి వచ్చేసరికి, ఆ ముక్క పలక మట్టానికి కాస్త పైకి ఉన్నా కిందికి ఉన్నా కొలత చెడిపోతుంది, సందులోంచి గాలి కారితే చెడిపోతుంది, టన్నెల్ అదిరితే చెడిపోతుంది. అందుకని ఆయన ముందుగా తక్కువ వేగంలో, 1908లోనే బ్లాసియస్ ఖచ్చితమైన లెక్క ఇచ్చిన, పొరలు పొరలుగా సాగే లామినార్ ప్రవాహంలో తన పరికరాన్ని పరీక్షించి, దానికి సరిపోయిన తరువాతనే ధ్వని వేగాన్ని దాటిన ప్రవాహాలకు వెళ్లారు. 1951లో డాక్టరేట్ వచ్చింది. ఆ పనిని అమెరికా ఏరోనాటిక్స్ సంస్థ నాకా, అంటే నేటి నాసాకు ముందున్న సంస్థ, 1953లో తన నివేదికగా ప్రచురించింది. నేరుగా ఘర్షణ కొలిచే పద్ధతుల గురించి రాసేవారు నేటికీ ఆ నివేదికను పేర్కొంటారు.

పరికరాన్ని నమ్మే ముందు జవాబు తెలిసిన చోట దానిని పరీక్షించడమన్నది మీ ప్రాక్టికల్స్ గదిలో పిల్లలు ప్రతి వారం ఎగవేసే పనే కదా. అది ఒక్కటి గట్టిగా చెప్పినా మీ గంటకు న్యాయం జరిగినట్టే.

బెంగళూరు వచ్చిన తరువాత ఆయన దేశంలోనే మొదటి సూపర్‌సోనిక్, అంటే ధ్వనిని మించిన వేగపు, విండ్ టన్నెల్ కట్టారు. చాలా చిన్నది. తరువాత కాలంలో మరింత ముఖ్యమైన పని వచ్చింది. నున్నటి పలక మీద గాలి ముందు భాగంలో పొరలు పొరలుగా, అంటే లామినార్‌గా పోయి, కొంత దూరం పోయాక గజిబిజిగా మారుతుంది. ఈ మారడం ఒక గీత గీసినట్టు ఒకేచోట జరగదు. మధ్య ప్రాంతంలో నిలబడి చూస్తే కాసేపు నిమ్మళంగా, కాసేపు అల్లకల్లోలంగా ఉంటుంది. ఒక చోట మొత్తం కాలంలో ఎంత భాగం అల్లకల్లోలంగా ఉంటుందో దానిని ఆ చోటి ఇంటర్‌మిటెన్సీ అంటారు. అది మొదట సున్నా, చివర ఒకటి. మధ్యలో అది ఎలా పెరుగుతుందో చూస్తే, వేర్వేరు ప్రయోగాల ఫలితాలను తగిన కొలబద్ద మీద పెట్టినప్పుడు అన్నీ ఒకే వంపు మీద పడతాయని ధవన్, ఆయన శిష్యుడు రొద్దం నరసింహ కలిసి 1958లో జర్నల్ ఆఫ్ ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో చూపారు. గ్యాస్ టర్బైన్ బ్లేడ్ల మీద గాలి ఎక్కడ మారుతుందో కంప్యూటర్‌తో లెక్కించేవారు ఇప్పటికీ ధవన్-నరసింహ నమూనాను వాడుతున్నారు. అప్పటికి శిష్యుడి వయసు పాతికేళ్లే. రొద్దం అనంతపురం ప్రాంతంలో ఒక ఊరు, ఆ ఊరి పేరే వారి ఇంటిపేరు. ఆయన తరువాత కాలంలో నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్‌కు 1984 నుంచి 1993 వరకు డైరెక్టరుగా పనిచేశారు.

జవాబు: పాలకొల్లు_విశ్రాంతి

పై మాస్టారు రాసినది చదివాక నాకు కొంత ధైర్యం వచ్చింది. నేను అంతరిక్ష విభాగంలో చాలాకాలం పనిచేసి ఇప్పుడు సొంత ఊళ్లో ఉంటున్నాను. ధవన్ గారి హయాం నాటికి నేను చదువులోనే ఉన్నాను కనుక ఆయనతో పనిచేశానని చెప్పుకోలేను. ఆయన పెట్టి వెళ్లిన పద్ధతుల్లో మాత్రం పనిచేశాను.

ఆ విలేకరుల సమావేశం కథ మీరు తప్పక చెప్పండి, పిల్లలకు నచ్చుతుంది. చెప్పేటప్పుడు దానిని మంచితనం కథగా కాకుండా పని కథగా చెబితే బాగుంటుందని నా మనవి. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 మొదటి దశ బాగా పనిచేసింది. రెండవ దశను అదుపులో ఉంచే వ్యవస్థలో ఒక వాల్వు సరిగా మూసుకోక ఆమ్లం కారిపోయింది, అందువల్ల రాకెట్ దారి తప్పింది. ప్రయోగానికి కొద్ది నిమిషాల ముందు కంప్యూటర్ ఆగమని సూచించినా, నిపుణులతో సంప్రదించి ముందుకు వెళ్లాలని తానే నిర్ణయించానని కలాం గారే తరువాత కాలంలో ఎన్నో సభల్లో చెప్పారు. అంటే తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరి నిర్ణయమో అందరికీ తెలుసు. ఆ స్థితిలో ఛైర్మన్ చేయవలసిన పని ఏమిటి? బయటి నుంచి వచ్చే ఒత్తిడిని తాను భరించి, లోపల జట్టు మొత్తం లోపాన్ని వెతకడానికి సమయం సంపాదించి పెట్టడం. అది జరిగింది కనుకనే 1980 జులై 18న అదే జట్టు, అదే నాయకుడి కింద, రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టగలిగింది. జట్టును మార్చి ఉంటే పదకొండు నెలల్లో అది సాధ్యమయ్యేది కాదని నా నమ్మకం.

ఆయన ఈ పదవికి వచ్చిన తీరు కూడా చెప్పదగినదే. 1971 డిసెంబరు 30న అంతరిక్ష కార్యక్రమానికి అధిపతిగా ఉన్న విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా మరణించారు. అప్పుడు ధవన్ సెలవు మీద కాల్టెక్‌లో పాఠాలు, పరిశోధన చూసుకుంటున్నారు. ఇందిరా గాంధీ పిలిచినప్పుడు ఆయన రెండు షరతులు పెట్టారు: విజ్ఞాన సంస్థ డైరెక్టర్ పదవిని వదలను, అంతరిక్ష కార్యక్రమానికి కేంద్ర కార్యాలయం బెంగళూరులో ఉండాలి. రెండూ ఒప్పుకున్నారు. మధ్యకాలంలో ఎం.జి.కె. మీనన్ బాధ్యత చూశారు. రాజోలు మాస్టారూ, మీ విద్యార్థిని అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. దేశంలో అంత పెద్ద పదవి పిలిచినా విద్యాసంస్థతో బంధం తెంచుకోనని చెప్పిన మనిషిని ప్రొఫెసర్ అనక ఇంకేమంటారు?

నేను అన్నింటికంటే ఎక్కువగా చూసినది సమీక్షల పద్ధతి. ఒక భాగం రూపకల్పన పూర్తయిందంటే దానిని ఆ పని చేయని నిపుణుల ముందు పెట్టాలి, వారు ప్రశ్నించాలి, ప్రశ్న అడిగిన మనిషి హోదా ఎంత అన్నది చూడకూడదు. ఆ నిపుణుల్లో విశ్వవిద్యాలయాల ఆచార్యులు ఉండేవారు, బయటి ప్రయోగశాలల వారు ఉండేవారు. మొన్నమొన్న చేరిన ఇంజినీరు లేచి "ఈ లెక్కలో ఉష్ణోగ్రత సంగతి పట్టించుకున్నట్టు లేదండి" అంటే ప్రాజెక్టు డైరెక్టర్ కాగితాలు తిప్పి జవాబు వెతకవలసిందే. ఇది థీసిస్ పరీక్ష జరిగే తీరు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఫైలు నడిచే తీరుకు దీనికీ పోలికే లేదు. మొదటి నుంచి ప్రయోగశాలలో పెరిగిన ఆచార్యుడు కాక వేరెవరైనా ఆ పదవిలో ఉండి ఉంటే ఈ అలవాటు అంత లోతుగా పాతుకునేది కాదు.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచేసిన ఉప్పెన నాటికి మన దేశానికి సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. ధవన్ కాలంలో రూపుదిద్దుకున్న ఇన్‌శాట్ శ్రేణిలో మొదటిది 1982లో వెళ్లి కొద్ది నెలలకే పాడైపోయింది, రెండవదైన ఇన్‌శాట్-1బి 1983లో వెళ్లి సంవత్సరాల తరబడి పనిచేసింది. ఒకే ఉపగ్రహంలో టెలిఫోను, టీవీ, మేఘాల చిత్రాలు తీసే కెమెరా మూడూ ఉండాలన్నది ఆనాటి నిర్ణయం. 1996 నవంబరు 6న కోనసీమ తుపాను వచ్చేనాటికి ఉపగ్రహ చిత్రాలున్నాయి. అయినా ఎంతమంది పోయారో, ఎన్ని కొబ్బరిచెట్లు నేలకూలాయో మీ ఊళ్లో పెద్దవాళ్లకు చెప్పనక్కరలేదు. ఉపగ్రహం తుపాను ఎక్కడుందో చూపుతుంది, ఆ కబురు లంక గ్రామానికి సకాలంలో చేర్చి మనుషులను తరలించడం వేరే పని. ఈ రెండవ మాట కూడా పిల్లలకు చెప్పండి, లేకపోతే ఉపగ్రహం ఉంటే అంతా సరిపోతుందనుకుంటారు.

జవాబు: ముమ్మిడివరం_బెంగళూరు

పెద్దలిద్దరికీ నమస్కారాలు. నేను బెంగళూరులో పరిశోధన చేస్తున్నాను, మాది ముమ్మిడివరం దగ్గర. ఇద్దరూ చెప్పినవాటిలో వాస్తవాలతో నాకు పేచీ లేదు, ఒక్క అభిప్రాయంతో మాత్రం ఉంది.

1962 తరువాత ధవన్ గారి సొంత పరిశోధన బాగా పలచబడింది. ఈ సంగతి దాచవలసిన అవసరం లేదు. 1950లలో ఆయన చేసిన పనులు చూస్తే, లీప్‌మన్, రాష్కోలతో కలిసి షాక్ వేవ్, అంటే ధ్వనిని మించిన వేగంలో పుట్టే పీడన తరంగం, బౌండరీ లేయర్‌ను తాకినప్పుడు ఏమవుతుందో తేల్చిన పని, స్కిన్ ఫ్రిక్షన్ పని, నరసింహతో పని, ఇవన్నీ ఒకే దశాబ్దపు కాలంలోవి. ఆ ఊపు కొనసాగి ఉంటే ఏమయ్యేదో మనకు తెలియదు. పదవి వల్ల శాస్త్రానికి కొంత నష్టం జరిగిందన్నది ఒప్పుకుంటేనే, ప్రతిగా ఏమి వచ్చిందో తూకం వేయగలం.

ప్రతిగా వచ్చినది చాలా ఉంది, అది చాలావరకు ఏరోస్పేస్ బయట ఉంది. ఆయనకు ముందు విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా ఉన్నది మన సూరి భగవంతం గారు, నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లికి చెందినవారు. ఆయన రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా వెళ్లిన తరువాత 42 ఏళ్ల ధవన్‌ను ఆ స్థానంలో కూర్చోబెట్టారు. ఆయన కాలంలో జి.ఎన్. రామచంద్రన్ మాలిక్యులర్ బయోఫిజిక్స్ శాఖకు వచ్చారు, 1976లో సి.ఎన్.ఆర్. రావు సాలిడ్ స్టేట్ కెమిస్ట్రీకి వచ్చారు, భౌతికశాస్త్రవేత్త ఇ.సి.జి. సుదర్శన్ సైద్ధాంతిక అధ్యయన కేంద్రానికి వచ్చారు. 1974లో ఎ.కె.ఎన్. రెడ్డి నాయకత్వంలో అస్త్ర అనే విభాగం మొదలై గ్రామాలకు పనికివచ్చే పొయ్యిలు, బయోగ్యాస్, చవక ఇళ్ల మీద పనిచేసింది. ఇవి ఒక ఏరోడైనమిక్స్ ఆచార్యుడి ఇష్టాయిష్టాల జాబితాలో సహజంగా ఉండేవి కావు. తన శాఖను పెంచుకోవడం డైరెక్టర్లు ఎక్కువగా చేసే పని. తనకు రాని విద్యలకు చోటు ఇచ్చి, మంచి మనిషి దొరికినప్పుడు అతని చుట్టూ శాఖను కట్టడం తక్కువమంది చేస్తారు. ఆయన లాహోరులో గణితం, భౌతికశాస్త్రంలో బి.ఎ., ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఎ., మెకానికల్ ఇంజినీరింగ్‌లో బి.ఇ. మూడూ చదివారని గుర్తు చేసుకుంటే ఇది అంత ఆశ్చర్యంగా తోచదు. ఎంపీసీ తీసుకున్న వెంటనే తెలుగు వాచకాన్ని పక్కన పడేసే పిల్లలకు ఈ ఎం.ఎ. సంగతి తప్పక చెప్పండి.

నా పేచీ ఏమిటంటే, ఒకే మనిషి ఒకే సమయంలో అంత పెద్ద విద్యాసంస్థనూ అంతరిక్ష కార్యక్రమాన్నీ తొమ్మిదేళ్లు నడపడాన్ని పాలకొల్లు గారు ఆదర్శంగా చెబుతున్నారు. అది ఆ మనిషి గుణం వల్ల నడిచింది. పద్ధతిగా చూస్తే అది మంచిది కాదు. ఈ రోజు ఎవరైనా డైరెక్టర్ పంతొమ్మిదేళ్లు అదే కుర్చీలో ఉంటాను, ఇంకో కుర్చీ కూడా ఇవ్వండి అంటే మనమే ముందు అభ్యంతరం చెబుతాం.

మరొక మాట. పదవులు వదిలిన తరువాత ఆయన మళ్లీ తన విద్యకే వచ్చారు. పక్షులు ఎలా ఎగురుతాయన్నదాని మీద 1991లో ఒక గ్రంథం వెలువరించారు. శ్రీహరికోట పక్కనే పులికాట్ సరస్సు, అక్కడి పక్షులను గమనించడం ఆయనకు ఇష్టం. మన కొల్లేరు పిల్లలకు ఇది దగ్గరి విషయం. గూడబాతులు నీటికి జానెడు ఎత్తులో, రెక్క కొట్టకుండా, చాలా దూరం జారుకుంటూ పోవడం కొల్లేటి ఒడ్డున ఆటపాక వైపు వెళ్లినవారందరూ చూసే ఉంటారు. రెక్క కొసల దగ్గర గాలి కింది నుంచి పైకి చుట్టుకుని సుడులుగా మారడం వల్ల పక్షికి కొంత అదనపు లాగుడు ఉంటుంది. నీటి ఉపరితలం దగ్గరగా ఉన్నప్పుడు ఆ సుడులు పూర్తిగా విస్తరించలేవు కనుక లాగుడు తగ్గుతుంది, అదే శక్తితో ఎక్కువ దూరం పోవచ్చు. విమానం రన్‌వేకు చేరువైనప్పుడు కాస్త తేలినట్టు అనిపించడానికీ ఇదే కారణం.

జవాబు: పాలకొల్లు_విశ్రాంతి

ముమ్మిడివరం గారి అభ్యంతరంలో సగం ఒప్పుకుంటాను. పంతొమ్మిదేళ్ల పదవి ఈ కాలానికి కుదరదు. కానీ రెండు పదవులూ కలిసి ఉండడం వల్ల జరిగిన మేలు యాదృచ్ఛికం కాదు. విజ్ఞాన సంస్థ ఆచార్యులు, వారి పరిశోధక విద్యార్థులు రాకెట్ల సమస్యలను తమ సమస్యలుగా తీసుకున్నారంటే, వాటిని తెచ్చి ఇచ్చిన మనిషి తమ డైరెక్టరే కావడం ఒక కారణం. ఆ రాకపోకలు ఇప్పటికీ ఆగలేదు.

రాజోలు_ఫిజిక్స్

ఎంత ఓపికగా రాశారండీ అందరూ. యాభై నిమిషాలు ఎలా నింపాలా అనుకున్నవాడిని, ఇప్పుడు ఏది వదిలేయాలా అని చూస్తున్నాను. ముమ్మిడివరం గారు చెప్పిన నష్టం మాటను కూడా తప్పకుండా ప్రస్తావిస్తాను, పిల్లలు దాని మీద వాదించుకుంటే మరీ మంచిది.

ఇంకొక్క సందేహం. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి బాగా చదువుతుంది, తండ్రికి రొయ్యల చెరువులున్నాయి. ఈ దారిలో వెళ్లాలంటే ఏమి చదవాలని అడుగుతోంది. బంధువులందరూ కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకేదీ వద్దంటున్నారట. ఏరోస్పేస్ పేరుతో ఉన్న బి.టెక్ సీటే కావాలా?

జవాబు: ముమ్మిడివరం_బెంగళూరు

అక్కర లేదు మాస్టారూ. నా పక్కన పనిచేసేవారిలో మెకానికల్ వారు, సివిల్ వారు, ఫిజిక్స్ ఎం.ఎస్సి. వారు కూడా ఉన్నారు. ధవన్ గారి మొదటి ఇంజినీరింగ్ డిగ్రీ మెకానికల్‌లోనే కదా, ఏరోనాటిక్స్ తరువాత అమెరికాలో, మొదట మిన్నెసోటాలో, ఆ పైన కాల్టెక్‌లో చదివారు. మంచి కళాశాలలో మెకానికల్ చదివి, గేట్ రాసి, ఐఐఎస్‌సీ లేదా ఐఐటీల్లో ఎం.టెక్, ఆ తరువాత పిహెచ్.డి. చేయడం ఎక్కువమంది నడిచే దారి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీలో నేరుగా ఏరోస్పేస్ చదవవచ్చు, అది 2007లో అంతరిక్ష విభాగమే ప్రారంభించిన సంస్థ. పేరులో ఏరోస్పేస్ ఉండి లోపల విండ్ టన్నెల్ కూడా లేని కళాశాలలు ఉంటాయి, చేరే ముందు ఆ అమ్మాయినీ తండ్రి గారినీ లోపలికి వెళ్లి ప్రయోగశాలలు చూసి రమ్మనండి. టన్నెల్ మీద దుమ్ము పట్టి ఉంటే సంగతి అర్థమైపోతుంది.

దూరం పోనక్కర లేకుండా ఒక ఉదాహరణ కూడా ఉంది. అట్లూరి సత్యనాథం గారు గుడివాడలో పుట్టి, కాకినాడ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి, విజ్ఞాన సంస్థ మీదుగా ఎంఐటీకి వెళ్లి 1969లో డాక్టరేట్ తీసుకున్నారు. జార్జియా టెక్‌లో చాలాకాలం ఆచార్యులుగా ఉన్నారు. పాతబడిన విమానాల రేకుల్లో పగుళ్లు ఎలా పెరుగుతాయన్నది, వస్తువును ముక్కలుగా విడగొట్టే వలలు లేకుండా బలాలను లెక్కించే పద్ధతులు ఆయన రంగం. 2013లో పద్మభూషణ్ వచ్చింది. కాకినాడ కళాశాల 1946 నాటిది, ఇప్పుడు జేఎన్‌టీయూకేలో భాగం, మీకు బస్సు దూరమే.

బంధువుల మాటకు ఒక జవాబు చెప్పమనండి: ఈ రోజు గాలి ప్రవాహాల పరిశోధనలో సగం పని కంప్యూటర్ మీదే జరుగుతుంది, ప్రోగ్రామింగ్ రాకుండా పిహెచ్.డి. పూర్తి కాదు. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పండి. డాక్టరేట్ అయ్యాక పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం చేసి, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం దొరికేసరికి ముప్పై దాటుతుంది. అప్పటికి సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితులు ఇల్లు కొనేసి ఉంటారు. ఆ తేడా ఆ అమ్మాయికి ముందే తెలిసి ఉండాలి.

జవాబు: ధవళేశ్వరం_ద్రవగతి

చదువు దారి గురించి అబ్బాయి చెప్పిన తరువాత నేను చెప్పేదేమీ లేదు. ప్రసంగానికి జోడుగా ఒక ప్రయోగం మాత్రం సూచిస్తాను. సెప్టెంబరులో సార్వాకు కాలువలు నిండుగా పారుతుంటాయి. కాలువ తిన్నగా ఉన్న చోట గట్టు మీద పది మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతండి. వంతెన మీద నుంచి నిమ్మకాయలను ఒకటి గట్టుకు చేరువగా, ఒకటి కొంచెం లోపలికి, ఒకటి నడిమధ్యన వేయించి, ఒక్కొక్కటి ఆ రెండు కర్రల మధ్య దూరం దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో సెల్‌ఫోన్‌తో కొలిపించండి. ఒక్కొక్క చోట నుంచి అయిదారుసార్లు వేసి సగటు తీయాలి, ఎందుకంటే గట్టు దగ్గరి కాయ ఒకసారి సుడిలో చిక్కుకుంటుంది, ఒకసారి చిక్కుకోదు. గట్టు నుంచి దూరం ఒక వైపు, వేగం ఒక వైపు పెట్టి గ్రాఫు గీస్తే బౌండరీ లేయర్ బొమ్మ వాళ్ల చేతుల్లోనే వస్తుంది. కాయ కాయకూ వచ్చిన తేడాను పొరపాటుగా కొట్టేయనివ్వకుండా విడిగా రాయించండి, ధవన్-నరసింహ వ్యాసం ఏ మాదిరి సంగతి గురించో చెప్పడానికి అదే అందివస్తుంది. పిల్లలు ఎవరూ రేవు మెట్లు దిగకుండా ఇద్దరు పెద్దవాళ్లను కింద నిలబెట్టండి, లాకుల ఎగువన మాత్రం ఈ పని వద్దు.